నాలుగో చక్రం

ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, కారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి దాంతో పనిలేదు. నేర్పేవాళ్ల వైపు కూడా ఒక బ్రేకు ఉండే కారులో, ఆ రెండో బ్రేకు మీద ఎప్పుడూ కాలు పెట్టుకుని కూర్చుంటుంది కాబట్టి ఊళ్లో అందరికీ ఆమె బ్రేక్ మేడం. ముక్కు మీద కోపం. పట్టిన పట్టు విడవదు. ఎదురుగా లారీ దూసుకొస్తున్నా గొంతు పెంచదు గానీ, అవసరం లేకుండా క్లచ్ మీద కాలు ఆనించి నడిపేవాళ్లని చూస్తే మాత్రం ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

అలాంటి మనిషిని వేలిగోరంత దీపం ఒకటి ఏడిపించుకు తింటోంది. స్టీరింగ్ వెనక, వేగం చూపించే ముల్లుకి పక్కన, పసుపు రంగులో ఒక బొమ్మ. అడుగు చదునుగా ఉన్న గిన్నె, గిన్నె మధ్యలో ఆశ్చర్యార్థకం. ఏదో టైరులో గాలి తగ్గిందని కారు చేసే ఫిర్యాదు అది. తాళం తిప్పగానే కాసేపు మిణుకుమిణుకుమంటుంది, ఆ తర్వాత నిలకడగా వెలుగుతూ కూర్చుంటుంది. ఆమె గాలి కొట్టించింది. వెలిగింది. బంకులోని మీటరు మీద నమ్మకం లేక సొంతంగా ఒక మీటరు కొనుక్కుని, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు, తలుపు అంచున అంటించి ఉన్న చీటీలో ఏ అంకె ఉందో సరిగ్గా ఆ అంకెకి నాలుగింటినీ తెచ్చింది. అయినా వెలిగింది. వాల్వుల మీద సబ్బునీళ్లు పోసి, నేల మీద బోర్లా పడుకుని బుడగ కోసం చూసింది. ఒక్క బుడగ రాలేదు. బ్యాటరీ తీగ విప్పి మళ్లీ పెట్టింది. కారులో గడియారం తప్పింది తప్ప దీపం మాత్రం చెక్కుచెదరలేదు.

విద్యార్థులు కూడా దాన్ని వాడుకోవడం మొదలుపెట్టారు. లెక్కల టీచరొకావిడ కూడలి దగ్గరికి రాగానే, ఎటు తిప్పాలో తోచనప్పుడల్లా, "మేడం, ఆ దీపం వెలుగుతోంది, ఆపేద్దామా?" అని అడిగేది. నేర్పే బండికే జబ్బుంటే నేర్చుకునేవాళ్లకి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? ఆమెకి సిగ్గుగా ఉండేది.

సిగ్గు మాట అటుంచితే, ముందు తనిఖీ ఉంది. డ్రైవింగ్ స్కూలు కార్లని ఏడాదికోసారి ప్రభుత్వం వాళ్లు చూస్తారు. తాళం తిప్పితే దీపాలన్నీ వెలగాలి, ఆ వెంటనే అన్నీ ఆరిపోవాలి. ఒక్కటి మిగిలినా బండిని వెనక్కి పంపుతారు, స్కూలు అనుమతి అక్కడితో ఆగిపోతుంది. ఆమెకి ఉన్నది ఒకే కారు. అనుమతి పోతే బోర్డు దించేసి మళ్లీ తమ్ముడి స్కూల్లో చేరాలి. అది మాత్రం చచ్చినా జరగదని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

ఆ తమ్ముడి సంగతి కూడా ఇప్పుడే చెప్పుకోవాలి. నిన్నమొన్నటి దాకా ఇద్దరిదీ ఒకే స్కూలు. వాడికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆమే. ఆమె దగ్గర నేర్చుకున్న మొట్టమొదటి మనిషి వాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఒకే రోజున, ఒకే రకం, ఒకే రంగు కార్లు రెండు కొన్నారు. నంబరు చూస్తే తప్ప ఏది ఏదో వాళ్లకే తెలిసేది కాదు. వ్యాపారం బాగానే సాగింది. సాగుతుండగా ఒకరోజు నేర్పే మైదానంలో ఆమె కారు మొండికేసింది. ఆమె బానెట్ ఎత్తి లోపల చూస్తోంది. చుట్టూ విద్యార్థులు. తమ్ముడొచ్చి ఆమెని భుజంతో పక్కకి నెట్టి, వాళ్లందరి వైపూ నవ్వుతూ తిరిగి, "మా అక్కకి బండి నడపడం వచ్చు గానీ బండి సంగతి తెలీదు. జరుగక్కా," అన్నాడు. అందరూ నవ్వారు. వాడికి అది పట్టించుకునే మాటే కాదు. ఆమెకి అది గుండెల్లో గుచ్చుకుంది. మొదటి వాక్యం కంటే ఆ 'జరుగు' అన్నదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ వారమే విడిపోయారు. చెరో కారు, చెరి సగం కుర్చీలు, మైదానంలో దారి గీయడానికి పెట్టే ఎర్ర ప్లాస్టిక్ కోన్లు కూడా లెక్కపెట్టి పంచుకున్నారు. మైదానం ఒక్కటే పంచడానికి కుదరలేదు. పొద్దుటి పూట ఆమెది, సాయంత్రం వాడిది అనుకున్నారు. అప్పటినుంచి ఎదురుపడితే ఎడమొహం పెడమొహం.

కాబట్టి దీపం సంగతి తమ్ముణ్ని అడిగే ప్రశ్నే లేదు. ఊళ్లో ఏ మెకానిక్కుని అడిగినా, "తమ్ముడుగారికి చూపించలేదా?" అనే అంటారని ఆమెకి తెలుసు. ఆ మాట వినడం కంటే కారుని తోసుకుంటూ తిరగడం మేలనుకుంది. దాన్ని తనే ఆర్పాలి. అది ఎందుకు వెలుగుతోందో తన బుర్రతోనే కనిపెట్టాలి.

ఆమె భర్తకి కళ్లద్దాల షాపుంది. నెమ్మదస్తుడు, ఇంట్లో పంతాలకి దూరంగా బతకడం అలవాటు చేసుకున్న మనిషి. ఆ దీపాన్ని చూడటం మానెయ్యమని సలహా ఇచ్చాడు. జనానికి బాగా కనిపించేలా చెయ్యడం తన వృత్తి అయినా, భార్యకి మాత్రం కాస్త తక్కువ కనిపిస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని కూడా అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన అద్దాలు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఇంతలో ఒక వింత జరిగింది. ఒకరోజు మైదానంలో పాఠం ఆలస్యమై సాయంత్రం దాకా సాగింది. పాఠం ముగింపుకొస్తుండగా తమ్ముడి కారు వచ్చింది. ఆమె అటు చూడలేదు. తన విద్యార్థితో చివరి రెండు చుట్లు తిప్పించి, బండి ఆపి మళ్లీ తాళం తిప్పేసరికి దీపం లేదు. ఆమె నమ్మలేక మళ్లీ తిప్పింది. లేదు. ఆనందం పట్టలేక ఆ విద్యార్థికి చేతకాని మలుపుని కూడా మెచ్చుకుంది. కానీ ఇంటి వీధి మలుపు తిరిగేసరికి ఆ గిన్నె బొమ్మ మళ్లీ ప్రత్యక్షమైంది.

అయితే మైదానంలో ఏదో ఉందన్నమాట. ఏముంది? నేల చదును. వేగం తక్కువ. ఆమె మర్నాడు చదునైన రోడ్డు వెతుక్కుని నత్తనడకన నడిపింది. వెనకొచ్చేవాళ్లు హారన్లు కొట్టి తిట్టుకున్నారు గానీ దీపం ఆరలేదు. పోనీ ఎక్కువ బరువేమో అనుకుని భర్తని, ఆయన షాపులోని రెండు పెట్టెలని, పక్కింటావిడని ఎక్కించుకుని తిరిగింది. లాభం లేదు. మళ్లీ మైదానానికే పొద్దున్నే వెళ్లి, ఖాళీ నేల మీద అదేపనిగా చుట్లు తిరిగింది. తల తిరిగిందే తప్ప దీపం ఆరలేదు.

రెండోసారి అది ఆరింది రైలు గేటు దగ్గర. గేటు వేశారని బండి ఆపింది. కాసేపటికి చూస్తే దీపం లేదు. ఈసారి ఆమె సంతోషపడలేదు, కళ్లు చిట్లించి చుట్టూ చూసింది. ముందు పాలవ్యాను, పక్కన గోడ. అద్దంలో చూస్తే వెనక తమ్ముడి కారు. వెంటనే చూపు తిప్పేసుకుంది. అక్కడే తప్పు చేసింది పాపం. వాణ్ని చూడకూడదన్న పట్టుదల లేకపోతే, ఆ క్షణంలోనే సంగతి బోధపడేది. గేటు తీశారు, వాడు ఎడమవైపు వెళ్లాడు, ఆమె నేరుగా వెళ్లింది. కాస్త దూరం పోయాక దీపం వచ్చింది.

తనిఖీ ఎల్లుండి అనగా ఆమె ఊరి చివర కొత్తగా తెరిచిన టైర్ల షాపుకి వెళ్లింది. టైరు విప్పకుండానే లోపల ఏముందో చెప్పే యంత్రం వాళ్ల దగ్గర ఉందని విన్నది. షాపాయన మాటకారి. రోడ్లని, వాటిని వేసినవాళ్లని ఒక దఫా తిట్టి, టీవీ రిమోట్ లాంటిది ఒకటి తీసుకుని చక్రాల దగ్గర వంగాడు. ప్రతి చక్రం లోపలా వాల్వుకి అంటుకుని ఒక చిన్న బిళ్ల ఉంటుందట. లోపల గాలి ఎంతుందో అది తన నంబరుతో సహా కారుకి కబురు పంపుతూ ఉంటుందట. కారు తన నాలుగు నంబర్ల కబుర్లే వింటుంది, పరాయి చక్రాల గోల పట్టించుకోదు.

"అయితే దీపం మిణుకుమంటూ మొదలయ్యేది..." అని ఆమె ఆగింది.

అది గాలి తగ్గినందుకు కాదనీ, ఏదో ఒక చక్రం నుంచి కబురే రానందుకనీ ఆయన చెప్పాడు. గాలి తగ్గితే మిణుకు ఉండదు, తిన్నగా వెలుగుతుందట. ఆమెకి ఇన్నాళ్లు కొట్టించిన గాలంతా గుర్తొచ్చి తన మీద తనకే చిరాకు వేసింది. మూడు చక్రాలు సరిగ్గా జవాబిచ్చాయి. వెనక ఎడమ చక్రం దగ్గర ఆయన చాలాసేపు కూర్చున్నాడు. బిళ్ల చచ్చిపోయిందా అని ఆమె అడిగింది.

"నిక్షేపంలా ఉంది మేడం. గాలి కూడా సరిగ్గా ఉంది. కాకపోతే ఈ నంబరు మీ కారు పట్టీలో లేదు. ఈ చక్రం మీ కారుది కాదు."

తను ఎక్కడా చక్రం మార్పించలేదని ఆమె గట్టిగా చెప్పబోయింది. నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ఎందుకంటే ఉమ్మడి స్కూల్లో వాళ్లకి ఒక అలవాటుండేది. పాఠం మధ్యలో ఒక కారుకి పంక్చరైతే, స్టెప్నీ జోలికి పోయేవాళ్లు కాదు. ఆ రెండు స్టెప్నీలూ ఏనాడో అరిగిపోయి అటకెక్కాయి. ఖాళీగా నిలబెట్టిన రెండో కారుని జాకీ మీదికెత్తి, దాని చక్రం ఊడదీసి దీనికి బిగించి, పాఠం సాగించేవాళ్లు. పంక్చరు వేయించిన చక్రం తిరిగొచ్చాక, ఏ కారు జాకీ మీదుంటే దానికి బిగించేవాళ్లు. ఎడమ వెనకది ఊడితే ఎడమ వెనకదే ఎక్కేది. ఈ చక్రం నీది, ఆ చక్రం నాది అన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు. విడిపోయిన రోజున కోన్లు లెక్కపెట్టారు, కుర్చీలు లెక్కపెట్టారు. కార్లు మాత్రం ఎలా ఉన్నవి అలా తోలుకుపోయారు. అంతకుముందు దీపం ఎందుకు వెలగలేదన్నది కూడా ఆమెకి అప్పుడే తెలిసింది. రెండు కార్లూ పొద్దస్తమానం ఒకే మైదానంలో పక్కపక్కనే తిరిగేవి. తమ్ముడి కారు కింద నుంచి ఆమె చక్రం పంపే కబురు ఈ కారుకి వినిపిస్తూనే ఉండేది. మైదానంలో ఆ సాయంత్రం, రైలు గేటు దగ్గర మళ్లీ, వినిపించింది అదే.

"కనిపెట్టాను," అంది ఆమె. షాపాయన ఏం కనిపెట్టారని అడిగేలోపే ఒక పాత టైరు మీద కూలబడి గట్టిగా నవ్వింది. ఇన్ని వారాల తర్వాత అంత హాయిగా నవ్వడం అదే మొదలు.

బాగుచెయ్యడం కూడా చిటికెలో పనేనట. ఈ కొత్త నంబరుని కారుకి నేర్పిస్తే చాలు, దీపం ఆరిపోతుంది. ఆయన యంత్రం సిద్ధం చేసుకున్నాడు. నేర్పించమని చెప్పబోతూ ఆమె ఆగిపోయింది.

వాడి చక్రం తన కారుకి ఉంటే, తన చక్రం వాడి కారుకి ఉంది. అంటే వాడి కారులోనూ ఇదే దీపం వెలుగుతూ ఉండాలి. ఒకే రోజున కొన్న కార్లు కాబట్టి వాడి తనిఖీ కూడా ఎల్లుండే. ఇప్పుడు తను నోరు మూసుకుని ఈ నంబరు నేర్పించుకుని వెళ్లిపోతే, తను గట్టెక్కుతుంది, వాడు మునుగుతాడు. బండి సంగతి తెలిసినవాడు కదా, తెలుసుకోనీ అనిపించింది. దాచడమెందుకు, ఆ ఆలోచన ఆమెకి చాలా తియ్యగా అనిపించింది. వాడి సాయంత్రం విద్యార్థులంతా తన బోర్డు కిందికి వచ్చి నిలబడినట్టు కూడా ఊహించుకుంది.

కానీ ఆ ఊహ ఎక్కువసేపు నిలవలేదు. అలా గెలిస్తే వాడికి తను ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు. తెలియని గెలుపుతో ఆమెకి పనిలేదు. పైగా వాడు తన చేతిలో నేర్చుకున్న పిల్లాడు. తను నేర్పినవాడు దీపం దగ్గర తప్పడం తనకే తలవంపులు.

"నేర్పించకండి. నా చక్రం నాకు కావాలి," అని చెప్పి ఆమె బండెక్కింది.

సాయంత్రం మైదానానికి వెళ్లేసరికి తమ్ముడు నలుగురు విద్యార్థులని వరసగా నిలబెట్టి ఏదో చెబుతున్నాడు. అక్క కారు చూసి మాట మధ్యలోనే ఆపేశాడు. ఆమె తిన్నగా వాడి కారు దగ్గరికి వెళ్లి తలుపు తీసి లోపలికి తొంగిచూసింది. వేగం చూపించే ముల్లు పక్కన వేలిగోరంత నల్ల టేపు అంటించి ఉంది.

"ఇదేంట్రా?"

 తమ్ముడు విద్యార్థులకి దూరంగా రమ్మని సైగ చేశాడు. ఆమె కదల్లేదు. వెనక ఎడమ చక్రం వైపు చెయ్యి చూపించి, అది తనదని, తన కారుకి ఉన్నది వాడిదని చెప్పింది. వాడు ఆశ్చర్యపోతాడనుకుంది. వాడు తలదించుకున్నాడు.

"తెలుసక్కా. రైలు గేటు దగ్గర నీ వెనక ఆగినప్పుడు నాది ఆరిపోయింది. అప్పుడే అర్థమైంది."

ఆమెకి కోపం నషాళానికంటింది. తెలిసి కూడా టేపు అంటించుకుని తిరుగుతున్నాడన్నమాట. తనిఖీలో టేపు పీకి చూడరనుకున్నాడా? తెలిసినప్పుడు వచ్చి చెప్పడానికి ఏం అడ్డొచ్చిందని అడిగింది.

"చక్రం అడగాలంటే ముందు ఇంకో మాట చెప్పాలి కదా. అది చెప్పడానికి మొహం చెల్లలేదు," అన్నాడు వాడు, చాలా చిన్నగా.

ఆమె డిక్కీలోంచి జాకీ, పానా తీసింది. పానా పట్టుకుని వాడి కారు పక్కన నేల మీద కూర్చుంది. నట్టు మీద పెట్టలేదు. "ఆ మాట చెప్పు. నాక్కాదు, వాళ్లకి. నన్ను జరగమన్నప్పుడు అందరి ముందే అన్నావు. చెప్పాకే నట్లు విప్పుతాను," అంది.

 వాడి మొహం ఎర్రబడింది. పారిపోతాడేమో అనిపించింది ఆమెకి, చిన్నప్పుడు తప్పు చేసినప్పుడల్లా వీధి చివరిదాకా పరిగెత్తేవాడు. ఈసారి పరిగెత్తలేదు. విద్యార్థుల వైపు తిరిగాడు.

"ఈవిడ మా అక్క. నాకు కారు నేర్పింది ఈవిడే. ఒకరోజు ఇక్కడే, నలుగురి ముందు ఈవిణ్ని చులకన చేశాను. నాకంటే ఈవిడకే బండి గురించి బాగా తెలుసు. నాకు ఒక్కరోజులో సంగతి తెలిసినా టేపు అంటించాను, ఈవిడ మాత్రం వదల్లేదు." అక్క వైపు తిరిగి, "తప్పు నాదక్కా," అన్నాడు.

 ఆమె పానా నట్టు మీద పెట్టింది. వాడు వచ్చి పక్కన కూర్చుని జాకీ తిప్పాడు. రెండు కార్లూ ఒక్కో కాలు ఎత్తి నిలబడ్డాయి, రెండు చక్రాలూ అటూ ఇటూ దొర్లాయి. విద్యార్థులు నట్లు అందించారు. చక్రాలు బిగించడం అయిపోయాక తమ్ముడు టేపు పీకి తాళం తిప్పాడు. దీపం లేదు. ఒక విద్యార్థి చప్పట్లు కొట్టబోయాడు. ఆమె ఆపింది. కార్లు పక్కపక్కన ఉన్నంతసేపూ చక్రాలు మార్చినా మార్చకపోయినా దీపం వెలగదు కాబట్టి, ఇది పరీక్షే కాదంది. చెరో దిక్కుకి పోయి చూస్తేనే నిజం తేలుతుంది.

వాడు నది వైపు వెళ్లాడు, ఆమె ఊరి బయటికి వెళ్లింది. దీపం ఉండే చోటుని చూస్తూ చూస్తూ దూరం మర్చిపోయి నడిపింది. ఫోన్ మోగితే బండి పక్కకి ఆపి ఎత్తింది. వాడిది వెలగలేదట. తనదీ వెలగలేదని చెప్పింది.  ఎల్లుండి తనిఖీకి ఒకరి వెనక ఒకరం వెళ్దామా అని వాడు నెమ్మదిగా అడిగాడు.

"వద్దు. పక్కపక్కనుంటే ఎవరి దీపం ఎందుకు ఆరిందో మళ్లీ అనుమానమే. నా బండి ఒంటరిగా నెగ్గాలి," అంది ఆమె. మాట కాస్త కటువుగా వచ్చింది. కానీ అది ఆమె మనసులో ఉన్న మాట. వాడు సరేనన్నాడు.

తనిఖీ రోజు ఎండ మండిపోతోంది. అధికారి తాళం తిప్పాడు. దీపాలన్నీ వెలిగాయి, ఒకదాని వెనక ఒకటి అన్నీ ఆరిపోయాయి. బండిని ఆవరణలో బయటికీ లోపలికీ తిప్పి, మళ్లీ తాళం తిప్పి చూశాడు. ఏమీ లేదు. అద్దానికి అనుమతి చీటీ అంటించి తర్వాతి బండిని పిలిచాడు. ఆమె ఊపిరి పీల్చుకుని గేటు దాటి వచ్చేసరికి, గోడ నీడలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"నీది పొద్దున్నే అయిపోయిందని ఫోన్లో అన్నావుగా. బండేదిరా?"

"నాలుగు వీధుల అవతల పెట్టి నడిచొచ్చాను. దగ్గరుంటే నీ దీపం నా వల్ల ఆరిందంటారని."

 ఆమెకి కళ్ల నిండా నీళ్లొచ్చాయి, వాటిని దాచుకోవాలని కూడా అనిపించలేదు. పక్క సీటు మీదున్న సంచి తీసి వెనక్కి పెట్టి, వాడి కారు దాకా దింపుతాను ఎక్కమంది.